మంచినీళ్ళతో కడిగిన చక్రం

గీతా కాలనీ, ఢిల్లీ
8 మే 1995

మావయ్యకూ కాంతమ్మత్తకూ ఎల్లాజీ దండాలు.

నేను క్షేమంగా ఉన్నాను. తింటున్నాను. ఈ రెండూ ముందు రాయకపోతే అత్త మిగతా ఉత్తరం చదవనివ్వదని తెలుసు. ఆదివారం బస్సు పట్టుకుని అశోకా రోడ్డులో మన ప్రభుత్వం క్యాంటీనుకి పోతే గోంగూర పచ్చడితో మన భోజనం దొరుకుతోంది. మిగతా రోజులు రొట్టెలే. ఫోను చేద్దామంటే పోయినసారి బూత్‌లో నేను అరిచిన అరుపులకి లైన్లో నిలబడ్డవాళ్ళంతా నవ్వారు గానీ మీకు ఒక్క ముక్క వినపడలేదు. పోర్టులో బరువులు లాగే ఆ వించి ఇంజను పక్కన ఇన్నేళ్ళు నిలబడినందుకు మీకు మిగిలింది చెవుడే కదా.

ఇక ఉద్యోగం సంగతి. పడవ నడిపేవాడు కావాలన్నారని మీరు దరఖాస్తు పెట్టించారు. పడవ ఉంది, నిజమే. కానీ అది ఉండేది నీళ్ళలో కాదు, మా వరద శాఖ డిపోలో రేకుల షెడ్డు కింద, రెండు చక్రాల బండి మీద. దీన్ని ట్రైలరు అంటారు. వరదొచ్చినప్పుడు జీపు వెనక తగిలించి ఊరంతా తిప్పుకుంటూ యమున దగ్గరికి లాక్కెళ్ళాలి. బండిని వెనక్కి నడిపి నీళ్ళలో ముంచితే పడవ తేలుతుంది. మన భీమిలిలో పదిమంది భుజం వేసి ఇసకలోకి తోస్తే అయిపోయే పనికి ఇక్కడ ఇంత తతంగం.

పడవ నాకు మాట వింటుంది మావయ్యా, ఈ బండే వినడం లేదు. జీపు కాస్త వేగం అందుకుంటే చాలు, వెనక ఇది తోక ఆడిస్తుంది. అటూ ఇటూ ఊగిపోతుంటే పక్క స్కూటర్లవాళ్ళు మా అందరినీ తిడతారు. డ్రైవరు బల్బీర్ అయితే నన్నే తిడతాడు, పడవ మనిషిని నేనే కాబట్టి. ఏం చెయ్యాలో చెప్పండి. పోర్టులో లాంచీలను ఒడ్డుకి లాగే ట్రాలీని అన్నేళ్ళు చూసుకున్నది మీరే కదా.

మీ
ఎల్లాజీ

భీమునిపట్నం
17 మే 1995

ఒరే ఎల్లాజీ,

పడవని నమ్ముకున్నోడికి బండి ఒక లెక్కా? నీ పడవలో ఇంజనూ లంగరూ ఎక్కడ పెట్టారో రాయలేదు. రాయకపోయినా నేను చెప్పగలను, అన్నీ వెనకే ఉంటాయి. బరువంతా వెనకుంటే ముందు తేలిపోతుంది, బండి ఊగుతుంది. లంగరు, తాళ్ళు, పెట్రోలు డబ్బా ముందుకి జరుపు. పడవని కూడా కాస్త ముందుకి లాగి కట్టు. జీపు కొక్కెం మీద బరువు పడాలి. మళ్ళీ ఊగితే నా పేరు శ్రీరాములు కాదు.

ఇంకొక మాట, ఇది బాగా గుర్తుపెట్టుకో. నీళ్ళలోంచి బయటికి రాగానే బండిని మంచినీళ్ళతో కడగాలి. పైపైన కాదు. చక్రం బొడ్డు దగ్గర పైపు పెట్టి, లోపలి మురికి పోయేలాగా కొట్టాలి. ఆ తర్వాత గ్రీజు రాయాలి. పోర్టులో నా ట్రాలీ చక్రాలు నేను రిటైరయ్యే దాకా ఒక్కసారి కూడా మూలగలేదంటే ఈ కడుగుడు వల్లే. నా తర్వాత వచ్చినోడు కడగలేదు, ఆరు నెలల్లో తుప్పు పట్టించాడు.

అత్త పక్కనే కూర్చుని "ఏటి, సెక్రాల గురించేనా? పిల్లోడికి ఒళ్ళెలాగుందో అడగరేటి?" అంటోంది. అడిగాను.

నీ మావయ్య
శ్రీరాములు

గీతా కాలనీ, ఢిల్లీ
20 జూన్ 1995

మావయ్యకు,

మీ పేరు శ్రీరాములే. బండి ఊగడం మానేసింది. లంగరు ముందుకి జరిపి, పడవని జానెడు ముందుకి లాగి కట్టేసరికి ఆవు వెనక దూడలాగా వస్తోంది. బల్బీర్ బండి దిగి నా వీపు తట్టి "మద్రాసీ, తూ తో ఉస్తాద్ నికలా" అన్నాడు. గొప్పవాడివే అని అర్థం. మనం మద్రాసువాళ్ళం కాదని రోజూ చెబుతున్నాను గానీ, వింధ్య దాటితే అంతా మద్రాసే ఇక్కడ.

వారానికోసారి నదికి తీసుకెళ్ళి ప్రాక్టీసు చేయిస్తున్నారు. డిపో నుంచి నది చాలా దూరం. ఎండలో రోడ్లు కాలిపోతుంటాయి. పోగానే బండిని నీళ్ళలోకి దించడం, పడవ తిప్పడం, మళ్ళీ ఎక్కించడం. వచ్చాక మీరు చెప్పినట్టు పైపు పెట్టి బొడ్డు దగ్గర కడుగుతున్నాను. బల్బీర్ పడీపడీ నవ్వుతాడు. "చూడండి, మద్రాసీ తన గేదెకి స్నానం చేయిస్తున్నాడు" అని అందరినీ పిలుస్తాడు. నవ్వుకోనీండి. గేదె నాది.

ఇంకొక సంగతి. పడవ దించేచోట, నది పక్క ఇసకలో, ఖర్బూజాలు పండించే ముసలి జంట ఉంది. ఆయన పేరు హర్‌ఫూల్, ఆవిడ రామ్‌కలీ. కొడుకు కూలికి పోతాడు, మనవళ్ళు వీళ్ళ దగ్గరే. ఆయనకి తుంటి విరిగి సరిగా అతకలేదు, కర్ర లేకుండా లేవలేడు. బోరు మోటారు పెట్టడానికి కట్టిన ఇటుకల గది ఒకటుంటే దాంట్లోనే కాపురం. నేను కనపడితే చాలు ఖర్బూజా కోసి ముందు పెడతారు. ఆవిడ నన్ను బేటా అంటుంది. అత్త ఈ ముక్క చదివి మొహం మాడ్చుకోవద్దు.

వరదొస్తే గట్టు ఎక్కాలి కదా, మీరెలా ఎక్కుతారని ఒకరోజు అడిగాను. ఇక్కడ గట్టుని పుస్తా అంటారు. "ప్రతిసారీ కొడుకు వీపు మీద మోస్తాడు. సిగ్గుగా ఉంటుంది" అన్నాడాయన. "ఈసారి నేనున్నాను కదా, మీ గుమ్మంలోకి పడవ తెస్తాను, కుర్చీలో కూర్చున్నట్టు కూర్చుని వద్దురుగానీ" అన్నాను. ఆయన ఎంత సంతోషపడ్డాడో చెప్పలేను. ఆ సాయంత్రం పక్క పొలం వాళ్ళందరికీ నన్ను చూపించి, ఇదిగో నా నావ మనిషి, అని చెప్పుకున్నాడు.

మీ
ఎల్లాజీ

భీమునిపట్నం
4 జులై 1995

ఒరే అల్లుడూ,

నీ ఉత్తరం టీ కొట్టు దగ్గర నలుగురికీ చదివి వినిపించాను. ఢిల్లీలో పడవ బండిని భీమిలి నుంచి నడిపిస్తున్నది ఎవరు? ఈ శ్రీరాములు. అత్త మాత్రం "ఆ పంజాబీవోడు మెచ్చుకుంటే మీకెందుకంత పొంగు?" అంటోంది. ఆవిడకి ఆ రామ్‌కలీ మీద కాస్త గుర్రుగా ఉంది గానీ నిన్ను కనిపెట్టుకుని చూస్తున్నందుకు సంతోషమే.

ముసలాయనకి మాట ఇచ్చావు, మంచి పని చేశావు. మాట ఇచ్చాక బండి సిద్ధంగా ఉండాలి. ఎవడు నవ్వినా కడగడం మాత్రం మానకు. వర్షాలు మొదలయ్యాయి కాబట్టి ఇంకా బాగా కడుగు. బురద బొడ్డులో చేరితే అదే దాని చావు.

నీ మావయ్య
శ్రీరాములు

గీతా కాలనీ, ఢిల్లీ
24 ఆగస్టు 1995

మావయ్యకు,

ఈ ఉత్తరం అందగానే జవాబు రాయండి. బండి ఎడమ చక్రం మూలుగుతోంది.

రెండు వారాలనుంచి సన్నగా వినిపిస్తోంది. మొదట టైరేమో అనుకున్నాను. నిన్న జాకీ పెట్టి లేపి చేత్తో తిప్పితే ఇసక నమిలినట్టు గరగరమంది. నదికి పోయేసరికి బొడ్డు మీద చెయ్యి పెట్టలేకపోయాను, అంత కాలిపోతోంది. బొడ్డు మీది రేకు టోపీ ఊడదీసి చూస్తే గ్రీజు గ్రీజులాగా లేదు. పాలు ఎక్కువైన టీ రంగులో, పల్చగా, నురగలాగా ఉంది. ఇదేమిటి? ప్రతిసారీ మీరు చెప్పినట్టే కడుగుతున్నాను. ఒక్కసారి కూడా తప్పలేదు. కడిగాక గ్రీజు రాస్తున్నాను. అయినా ఇలా ఎందుకయింది?

కొత్త బేరింగులు, లోపలికి నీళ్ళు చొరకుండా వేసే సీలు అడుగుదామని స్టోరుకి పోయాను. స్టోరాయన మంచివాడే, కుర్చీ వేసి టీ ఇచ్చి చెప్పాడు: "చక్రం తిరుగుతోందా లేదా? తిరుగుతుంటే కొత్తది ఎలా ఇవ్వను? ఆగిపోతే పాతది తెచ్చి చూపించు, వెంటనే ఇస్తాను." ఆగిపోయేది వరద రోజే అయితే అని అడిగాను. "అచ్ఛా, అప్పుడు చూద్దాం" అన్నాడు. బల్బీర్ జీపు సంగతి చూసుకుంటాడు గానీ ట్రైలరు అతని పని కాదంటాడు. మెకానిక్కులేమో ఇది పడవకి చెందింది, మాది కాదంటారు. అందరూ తలో చెయ్యి వెనక్కి పెట్టుకున్నారు. నాకున్నది మీరొక్కరే.

బేరింగు మీది నంబరు అడుగున రాశాను. విశాఖపట్నంలో దొరుకుతుందేమో చూడండి. ఇక్కడ నేను బజారంతా అడిగాను, ఆ సైజు లేదన్నారు. ఈ లోపల బాగా కడిగి, గ్రీజు కూరి నడిపిస్తున్నాను.

పైన కొండల్లో వానలు బాగా పడుతున్నాయని పేపర్లో రాస్తున్నారు. ఖర్బూజాలు అయిపోయాక హర్‌ఫూల్ తాత వంకాయలు వేశాడు. నన్ను చూడగానే "బేటా, తేరీ నావ్ తయ్యార్ హై నా?" అంటాడు. సిద్ధమే అంటున్నాను.

మీ
ఎల్లాజీ

భీమునిపట్నం
3 సెప్టెంబరు 1995

ఒరే ఎల్లాజీ,

నీ ఉత్తరం చూసి నాకు జవాబు తోచలేదు. తోచలేదని రాయడానికి మనసొప్పక విశాఖపట్నం పోయాను. అక్కడ సరదాగా తెరచాప పడవలు నడిపే క్లబ్బు ఉంది, వాళ్ళ దగ్గర నీ బండి లాంటి ట్రైలర్లు వరసగా ఉన్నాయి. వాటిని చూసుకునే రాధాకృష్ణమూర్తి గారని ఒకాయన నీ గ్రీజు రంగు చెప్పగానే "లోపలికి నీళ్ళు పోయాయండీ" అన్నాడు.

సంగతేమిటంటే, రోడ్డు మీద పరిగెత్తి వచ్చిన చక్రం బొడ్డు వేడిగా ఉంటుంది. దానికి చన్నీళ్ళు తగలగానే లోపలి గాలి ముడుచుకుని, సీలు సందులోంచి నీళ్ళు లోపలికి పీల్చుకుంటుందట. అందుకని వాళ్ళు ఒడ్డుకి చేరగానే బండిని దించరు. కూర్చుని టీలు తాగి, చక్రాలు చల్లారాక దించుతారు. బొడ్డు మీద పైపు అసలు పెట్టరు. పైపు పెట్టి కొడితే నీళ్ళని మనమే లోపలికి పంపినట్టు అన్నాడాయన.

నా ట్రాలీ పట్టాల మీద నాలుగు బారలు పైకీ కిందకీ కదిలేది. అది ఏనాడూ వేడెక్కి ఎరగదు. పైగా మాది ఉప్పునీళ్ళు, కడగకపోతే తినేస్తుంది. నీది తియ్యటి నీళ్ళ నది. ఈ తేడా నాకు తట్టలేదురా. సరే, ఇప్పుడైనా తెలిసింది కదా. ఇకమీదట కడగొద్దు. గ్రీజు మొత్తం తీసేసి, ఆరబెట్టి, కొత్తది కూరు. అయినా గరగరమంటే ఆ చక్రంతో రోడ్డెక్కొద్దు, దారిలో పట్టేస్తుంది. బేరింగులకి చెప్పాను, కలకత్తా నుంచి రావాలట. అత్త నీకు చేగోడీలు చేస్తోంది, రెండూ కలిపి పంపుతాను.

నీ మావయ్య
శ్రీరాములు

గీతా కాలనీ, ఢిల్లీ
11 సెప్టెంబరు 1995

మావయ్యకు,

వరద వచ్చింది. నేను బాగానే ఉన్నాను. హర్‌ఫూల్ తాత పోయాడు.

ముందురోజు సాయంత్రమే మైకుల్లో చెప్పారు, నది ఒడ్డు వాళ్ళందరూ పుస్తా ఎక్కాలని. చాలామంది ఎక్కేశారు. తెల్లారి మాకు పిలుపొచ్చింది. జీపుకి తగిలించుకుని బయల్దేరాం. సగం దారిలోనే చక్రం ఏడుపు మొదలుపెట్టింది. నెమ్మదిగా పోదాం అన్నాను. బల్బీర్ ఈసారి నవ్వలేదు, నెమ్మదిగానే నడిపాడు. పుస్తా మీదికి ఎక్కాం, నీళ్ళు కనపడుతున్నాయి. అక్కడ పట్టేసింది. పొగ వచ్చింది, చక్రం పక్కకి వాలిపోయింది, బండి ఇరుసు తారులోకి దిగబడింది. పడవ దాని మీద కూర్చునే ఉంది. మావయ్యా, నేను నీళ్ళు చూస్తూనే ఉన్నాను.

పడవ విప్పి మోద్దామని చూశాం. ఇంజను తీసేసినా నలుగురం కదపలేకపోయాం. పుస్తా నిండా జనం ఉన్నారు, కానీ ఎవరి మంచాలు వాళ్ళు, ఎవరి గేదెలు వాళ్ళు, ఎవరి పిల్లలు వాళ్ళు. ట్రాక్టర్లకి అడ్డం నిలబడ్డాను, ఆగలేదు. వాళ్ళనీ అనలేను, వాటి నిండా మనుషులే. రామ్‌కలీ అమ్మ నడుం లోతు నీళ్ళలో మనవళ్ళని పట్టుకుని పైకి వచ్చింది. నన్నూ పడవనీ చూసి మొహం విప్పారింది. "వో ఛత్ పర్ బైఠే హైఁ, జల్దీ జా బేటా" అంది. ఆయన గది కప్పు మీద కూర్చున్నాడు, త్వరగా పో అని. కొడుకు వీపు మీద మోస్తానంటే వద్దన్నాడట. ఎల్లాజీ నావ వస్తుంది, కుర్చీలో కూర్చున్నట్టు కూర్చుని వస్తానన్నాడట.

చక్రం వాలిపోయిందని ఆవిడకి ఎలా చెప్పను? చెప్పాను. ఆవిడ వంగి దాన్ని చూసింది. చేత్తో తోసి చూసింది. కొడుకు మళ్ళీ నీళ్ళలోకి దిగాడు గానీ అప్పటికే లోతు పెరిగింది, జనం పట్టుకుని వెనక్కి లాగారు.

చివరికి పాత లారీ టైర్లు తెచ్చి కింద పరిచి, పాతికమంది కలిసి పడవని ఈడ్చారు. నీళ్ళలో పడేసరికి మధ్యాహ్నం దాటింది. నేను తెడ్డు వేసుకుంటూ పోయాను. ఆ గది ఉండాల్సిన చోట గది లేదు. వంకాయ తోట లేదు. తుమ్మచెట్టు కొమ్మకి ఆయన నులకమంచం చిక్కుకుని ఉంది. పేరు పెట్టి పిలుస్తూ చీకటి పడేదాకా తిరిగాను. మర్నాడు దిగువన ఎవరికో దొరికాడు.

డిపోలో నన్ను ఎవరూ ఏమీ అనలేదు. యంత్రలోపం అని కాగితం రాసి ముగించారు. స్టోరాయన పాత బేరింగు తీసుకుని చూసి, ఠీక్ హై, కొత్తదానికి రాస్తాను అన్నాడు. నా పోయిన ఉత్తరానికి మీ జవాబు ఇంకా అందలేదు. ఎందుకు పట్టేసిందో నాకు అర్థం కావడం లేదు మావయ్యా. చెయ్యాల్సిందంతా చేశాను కదా.

ఎల్లాజీ

భీమునిపట్నం
19 సెప్టెంబరు 1995

ఎల్లాజీ,

నా ఉత్తరం నీకు ఈపాటికి అందే ఉంటుంది. కాబట్టి ఎందుకు పట్టేసిందో నీకు తెలిసే ఉంటుంది.

టెలిగ్రాం ఇవ్వాల్సింది. క్లబ్బు నుంచి వస్తూ పోస్టాఫీసు ముందు నుంచే నడిచాను. తొందరేముంది, వివరంగా ఉత్తరం రాద్దాం అనుకున్నాను. పైగా టెలిగ్రాంలో నా తప్పు నాలుగు ముక్కల్లో రాయాలంటే నామోషీ అనిపించింది. ఉత్తరంలో అయితే చుట్టూ తిప్పి రాయొచ్చు కదా. అలాగే రాశాను.

అన్నం సయించడం లేదు. టీ కొట్టుకి పోవడం లేదు. అక్కడ అందరూ నీ పడవ ఏమయిందని అడుగుతారు.

ఒక్కటే అడుగుతాను. నిజం రాయి. నేను చెప్పానని ప్రతిసారీ కడిగావా?

శ్రీరాములు

గీతా కాలనీ, ఢిల్లీ
27 సెప్టెంబరు 1995

మావయ్యకు,

మీ రెండు ఉత్తరాలూ అందాయి.

లేదు మావయ్యా, కడగలేదు. మొదట ఒకటి రెండుసార్లు కడిగాను, అంతే. బల్బీర్ గేదె గేదె అని ఎగతాళి చేస్తుంటే తల కొట్టేసినట్టుండి మానేశాను. మీకు కోపం వస్తుందని కడుగుతున్నానని రాస్తూ వచ్చాను. చక్రం పట్టేసింది మీ మాట విన్నందుకు కాదు. బండి పాతది, నాకు ముందున్నవాళ్ళు ఎన్నేళ్ళుగా పట్టించుకోలేదో ఎవరికి తెలుసు. వేడిగా ఉండగా నీళ్ళలో దించడం అందరూ చేసిందే. మీ సలహాకీ దీనికీ సంబంధం లేదు. మీరు అన్నం తినండి. టీ కొట్టుకి పోండి.

పుస్తా మీద రామ్‌కలీ అమ్మ వాళ్ళు ప్లాస్టిక్ పట్టా కింద ఉంటున్నారు. నేను ఎదురుపడలేక కొన్నాళ్ళు అటు పోలేదు. నిన్న పోయాను. తిడుతుందనుకున్నాను, తిడితే బాగుండును. కూర్చోమని మట్టిముంతలో నీళ్ళిచ్చింది. తర్వాత "బేటా, వో పహియా ఠీక్ హో గయా?" అని అడిగింది. ఆ చక్రం బాగయిందా అని. లేదన్నాను, స్టోరు నుంచి ఇంకా రాలేదన్నాను. "బాగు చేయించు. మళ్ళీ నీళ్ళొస్తాయి కదా" అంది.

నాకు ఏడుపొచ్చింది మావయ్యా. ఏం చెయ్యాలో తెలియక ఆవిడ పొయ్యిలోకి పుల్లలు విరిచిపెట్టి వచ్చేశాను.

మీ
ఎల్లాజీ

భీమునిపట్నం
6 అక్టోబరు 1995

ఒరే ఎల్లాజీ,

నీ ఉత్తరం అత్తకి చదివి వినిపించాను. అంతా విని "ఆడు అబద్దం రాస్తన్నాడు. ఎవుడో నవ్వితే పని మానేసేవోడు కాదు ఆడు. మీరు సెప్పింది గుడ్డిగా సేసుంటాడు" అంది. ఊరుకోమన్నాను. మేనల్లుడు తాను బద్ధకస్తుణ్ణని రాసుకుంటే కాదనడానికి మనమెవరం అన్నాను. ఆవిడ లోపలికి పోయి కొంగుతో మొహం తుడుచుకుంది.

సరే, నువ్వు కడగలేదు. నమ్మాను. నిన్న అన్నం తిన్నాను. నువ్వు అడిగావు కాబట్టి టీ కొట్టు దాకా కూడా పోయాను. చెవిటివాణ్ణి కావడం మొదటిసారి మేలయింది, వాళ్ళు ఏమడుగుతున్నారో నాకు వినపడలేదు.

కలకత్తా నుంచి బేరింగులూ సీళ్ళూ వచ్చాయి. నీ స్టోరు కోసం చూడకు. రెండు చక్రాలకీ సరిపడా పార్సెల్ చేశాను. అత్త చేగోడీలు పై డబ్బాలో ఉన్నాయి, సగం రామ్‌కలమ్మకి ఇమ్మంది. మా తరఫున ఆవిడకి దండం పెట్టు. ఎందుకని అడిగితే పెద్దవాళ్ళు పెట్టమన్నారని చెప్పు, అంతకంటే ఏమీ చెప్పకు.

బేరింగులు పాత గుడ్డలో చుట్టి ఉన్నాయి. ఎలా బిగించాలో నేను రాయడం లేదు. అక్కడే ఎవరైనా ఆ బండి ఎరిగినవాళ్ళని అడిగి బిగించుకో నాన్నా.

మావయ్య